శుక్రవారం వచ్చిన మగపక్షి

దురామే ఆ పేజీని మూడుసార్లు చదివాడు. మూడోసారి కళ్ళజోడు తీసి, లుంగీ అంచుతో తుడుచుకుని మరీ చదివాడు. అక్షరాలు మారలేదు.

'శుక్రవారం. పన్నెండు నలభై. మగపక్షి వచ్చింది. మేడిపండ్లు పద్నాలుగు. బల్లి ఒకటి.'

రాత అల్లుడిది. గుండ్రంగా, కొట్టివేత ఒక్కటి లేకుండా ఉంది. చూసి రాసేవాడి రాత అలా ఉండదు. కళ్ళు చెట్టు మీద, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రాస్తే గీత పైకీ కిందికీ పోతుంది, మధ్యలో చీమ ఒకటి నలుగుతుంది.

"ఒరే సబ్రీ."

"ఆఁ, మామా." గూడు కనిపెట్టడానికి ఆకులతో కట్టిన మాటులో రెండో మూల కూర్చుని సబ్రీ ఫ్లాస్కు మూతలో కాఫీ ఊదుకుంటున్నాడు.

"నిన్న పన్నెండు నలభైకి ఎక్కడున్నావు?"

"ఇక్కడే మామా. మాటులోనే."

"మరి మసీదులో నా ఎడం పక్కన కూర్చుని కునికిపాట్లు పడ్డదెవరు? నీ దయ్యమా?"

సబ్రీ కాఫీ ఊదడం ఆపేశాడు.

బూదో కొండ మీద కొమ్ముపక్షుల గూళ్ళు కాసేవాళ్ళంతా శుక్రవారం నమాజుకి పదకొండున్నరకి దిగిపోతారు, రెండింటికి మళ్ళీ ఎక్కుతారు. ఆ వేళకి పుస్తకంలో అడ్డగీత గీస్తారు. పద్దెనిమిదేళ్ళుగా అంతే. పక్షుల మీద పరిశోధన చేస్తూ, పట్నంలో కూర్చుని ఈ పుస్తకాలు చదివే డాక్టరమ్మ బౌద్ధురాలు. శుక్రవారం మధ్యాహ్నం కొండ మీద మనిషి ఉండడని ఆమెకి కూడా తెలుసు. అబద్ధం రాయడానికి వారమంతా ఉంటే వీడికి ఆ ఒక్క గంటే దొరికింది.

"అబద్ధమాడినా అతికినట్టుండాలిరా. పైగా బల్లి ఒకటట! బల్లినెందుకు తెచ్చావురా మధ్యలోకి?"

"ఉత్త పండ్లే రాస్తే నమ్మరేమోనని..."

దురామే లేచాడు. కుడి మోకాలు కటుక్కుమంది. అరవై రెండేళ్ళ మోకాలు అది, దాని మానాన అది చప్పుడు చేస్తుంది. మాటులోంచి బయటికొచ్చి చెట్టు కిందికి నడిచాడు. అక్కడ పాత చేపలవల ఒకటి నాలుగు కర్రలకి కట్టి ఉంటుంది. తొర్రలోంచి రాలే గింజలూ రెట్టలూ అందులో పడతాయి. ప్రతి శనివారం దాన్ని దులిపి, ఏయే పండ్లు తెచ్చిందో చూసి రాస్తారు. ఈ శనివారం దులపడానికి ఏమీ లేదు. ఎండిన గింజలు అడుగున నాలుగున్నాయి. వాటిమీద ఈ చివర నుంచి ఆ చివరకి సాలెపురుగు తీరిగ్గా గూడు అల్లుకుంది. ఆ గూట్లో పండుటాకు ఒకటి చిక్కుకుని ఊగుతోంది.

దురామే తల ఎత్తి చూశాడు.

చెట్టు నంబరు ఇరవై ఏడు. డెబ్బై అడుగుల ఎత్తున తొర్ర. రెండున్నర నెలల కిందట ఆడ కొమ్ముపక్షి అందులోకి దూరి, మట్టీ రెట్టా కలిపి వాకిలి మూసేసుకుంది. రెండు వేళ్ళు పట్టే సందు మిగిల్చింది. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయి, కొత్తవి వచ్చేదాకా ఎగరలేదు. గుడ్డు పగిలి నెలైంది. తల్లీ పిల్లా ఇద్దరూ ఆ సందులోంచి అందే తిండితోనే బతకాలి. తెచ్చేవాడు ఒక్కడు. ముక్కు మీద ఎర్రకొమ్ము పైకి మెలితిరిగి ఉంటుంది, రెక్కల చప్పుడు రైలొచ్చినట్టుంటుంది. గొంతు నిండా పండ్లు నింపుకొచ్చి, తొర్ర పక్కన వాలి, ముక్కుతో రెండుసార్లు తట్టి, ఆగి, ఇంకోసారి తట్టి, ఒక్కొక్క పండే పైకి తెచ్చి సందులో అందిస్తాడు. ఉదయం నుంచి సాయంత్రం దాకా అదే పని. చూసేవాళ్ళకే విసుగొస్తుంది గానీ వాడికి రాదు.

పిల్ల గొంతు వినిపించింది. వారం కిందట చెవులు చిల్లులు పడేలా అరిచేది. ఇప్పుడు తలుపు కిర్రుమన్నట్టుంది.

"ఎన్నాళ్ళయిందిరా వాడొచ్చి?"

"బుధవారం పొద్దున ఏడున్నరకి వచ్చాడు మామా. అది నిజం. నా కళ్ళతో చూశాను. గురువారం పొద్దున పదింటిదాకా కూర్చున్నాను, రాలేదు. నేను వెళ్ళాక వస్తాడులే అనుకున్నాను."

"వెళ్ళాకా? ఎక్కడికి వెళ్ళాక?"

సబ్రీ ఫ్లాస్కు మూత బిగించాడు, విప్పాడు, మళ్ళీ బిగించాడు.

"నోరు తెరువు."

"ఇంటికి మామా."

దురామేకి అర్థం కాలేదు. బుధ, గురు, శుక్రవారాలు మూడు రోజులూ అతను అవతలి గట్టు మీద ముప్పై ఒకటో చెట్టు కాశాడు. పొద్దున్నే వెళ్ళి చీకటి పడే వేళకి ఇల్లు చేరాడు. ఇంట్లో కూతురు రుస్నీ బాలింత. పురుడొచ్చి ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు. నలభై నాలుగు రోజులు గడప దాటకూడదు. మంచం కింద కుంపటి ఆరకూడదు. పొట్టకి వేడి రాయి కాపడం పెట్టాలి. దోసకాయ, గుమ్మడికాయ, అనాస, పొలుసు లేని చేప, ఇవేవీ తగలకూడదు. ఇదంతా చూసుకోవలసిన రుస్నీ తల్లి ఇప్పుడు లేదు. పోయిన వానల్లో పోయింది. మంత్రసాని మెక్ జో రెండు పూటలా వచ్చి చూసి పోతోంది. మధ్యాహ్నం వంట కూడా ఆమే చేస్తోందని దురామే ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

"మెక్ జో పొద్దునా సాయంత్రమే మామా వచ్చేది. మధ్యాహ్నం ఎవరూ ఉండరు. మొదటి రోజు వెళ్ళి చూస్తే కుంపటి ఆరిపోయింది. రుస్నీ పొద్దుటి అన్నం అలాగే పెట్టుకుని ఏడుస్తోంది. అందుకని పదింటికి దిగి, కొర్రమీను కాల్చి, మిరియాల చారు పెట్టి, రాయి వేడి చేసి..."

"ఏ రాయి?"

దురామే గొంతు మారింది. రాయి సంగతి అతనికి బాగా గుర్తుంది. పురుడొచ్చిన మూడో రోజు మెక్ జో గుమ్మంలో నిలబడి, "మీ ఇంటి కాపడం రాయి ఏదయ్యా? నలుపుది, గుడ్డులా ఉండేది?" అంది. ఇల్లంతా వెతికాడు. మంచాల కింద, బియ్యం డబ్బా వెనక, కోళ్ళ గూట్లో కూడా చూశాడు. ముప్పై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి రాయి ఎక్కడ పెట్టిందో చెప్పకుండా పోతుందా అని విసుక్కున్నాడు. చివరికి వాగులోంచి ఒక రాయి తెచ్చి పొయ్యిలో పెడితే టప్పున పగిలి ముక్కలు గోడకి తగిలాయి. "బాలింతని చంపుతావా?" అని మెక్ జో పొయ్యి దగ్గర్నుంచి తరిమేసింది.

"అత్త రాయే మామా. చేపల ఊరజాడీ మూత మీద బరువుగా పెట్టి ఉంది. గుడ్డ చుట్టి."

"నీకెలా తెలుసు?"

"చూపించింది. ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు."

"నీకా?"

"రుస్నీకి నెల తప్పిందని అప్పటికే అత్తకి అనుమానం. పురుడొస్తే ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో అన్నీ చెప్పింది. నన్ను తిరిగి అప్పజెప్పమంది కూడా. రెండుసార్లు తప్పు చెప్పాను."

"నాకెందుకు చెప్పలేదు?"

సబ్రీ నేల వైపు చూశాడు. "మీరు వినరంది మామా. మీకు చెట్లు తప్ప ఏమీ పట్టవంది."

కొండ కింద ఎక్కడో ఒక కోతి అరిచింది. దురామే వల మీది పండుటాకు తీసి పారేశాడు. సాలెపురుగు మూలకి పరిగెత్తింది.

"ఆ మాట నాతో అనడానికి నీకేమైంది? మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాలి మామా అంటే నేను మింగుతానా?"

"అన్నాను మామా. పురుడొచ్చిన ఐదో రోజు. బిడ్డల్ని చూడటం ఆడవాళ్ళ పని, మాటు మగవాళ్ళ పని, సాకులు చెప్పకు అన్నారు."

అన్నాడు. గుర్తుంది. ఆ రోజు మోకాలు నొప్పిగా ఉంది. ఇంకేదో కూడా ఉంది. నోటికొచ్చింది అనేశాడు. వీడూ తక్కువవాడు కాదు, ఒక్కసారి అనగానే నోరు మూసుకున్నాడు. మళ్ళీ అడిగితే ఏం పోయింది? తిట్టడానికి నోరు తెరిస్తే తిట్టు సగం దూరం వెళ్ళి వెనక్కి తిరిగి వస్తోంది. దురామేకి అన్నిటికన్నా అదే ఎక్కువ చిరాకు తెప్పించింది.

"పద. ఫోను చేద్దాం."

గట్టు మీద పెద్ద బండ ఎక్కితే ఫోను పలుకుతుంది. అక్కడ ఎండలో నిలబడి డాక్టరమ్మకి అంతా చెప్పాడు. శుక్రవారం సంగతి కూడా చెప్పాడు. సబ్రీ బండ కింద నిలబడి చెవులు మూసుకున్నాడు.

డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. మగపక్షి చచ్చిపోయి ఉండొచ్చంది. రెండు మూడు రోజుల్లో ఆకలికి తట్టుకోలేక తల్లి గోడ పగలగొట్టుకుని బయటికి రావచ్చంది. అప్పుడు పిల్ల దక్కదంది. ఈకలు పూర్తిగా రాకపోతే తల్లి కూడా దక్కకపోవచ్చంది. మనుషులు చెట్టెక్కితే బెదిరి ఇవాళే బయటికి రావచ్చంది. తను సోమవారం గానీ రాలేనంది.

"అయితే ఎక్కమంటారా, వద్దంటారా?"

"ఆ చెట్టు నాకన్నా మీకే బాగా తెలుసు, దురామే గారూ."

ఫోను పెట్టేశాక దురామే దానివైపు కాసేపు చూశాడు. "అంత చదువూ చదివి, ఎక్కమనీ అనదు, మానమనీ అనదు. మీకే తెలుసట!"

తెలియడం మాత్రం నిజం. పాతికేళ్ళ కిందట ఆ చెట్టుకి వెదురు మేకులు కొట్టి ఎక్కింది దురామేనే. ఏటా ఎక్కేవాడు. గోడ పగలగొట్టి, పిల్లని గోనెసంచిలో వేసుకుని దిగి, కొనేవాళ్ళకి అమ్మేవాడు. తల్లి ముక్కు ఎటునుంచి పొడుస్తుందో అతనికి తెలుసు. ఒక ఏడు, పిల్లని దించేశాక, తల్లి కూడా ఎటో వెళ్ళిపోయాక, మగపక్షి పదకొండు రోజులు పండ్లు తెచ్చింది. ఖాళీ తొర్ర ముందు వాలి, తట్టి, ఒక్కొక్కటే పగిలిన గోడలోంచి పెట్టింది. అవి లోపల పడి కుళ్ళాయి. అప్పట్లో ఊళ్ళో ఆ కథ చెప్పి అందరినీ నవ్వించేవాడు. పక్షుల్ని కాపాడే ప్రాజెక్టు వాళ్ళు వచ్చి కాపలా పని ఇచ్చిన ఏడు, మేకులన్నీ తనే పీకేశాడు. ఆ గాట్లు బెరడు మీద ఇంకా ఉన్నాయి. అంతమంది పిల్లల్ని పోగొట్టుకున్న ఆ తొర్రలోకి పద్దెనిమిదేళ్ళలో ఏ పక్షీ తిరిగి రాలేదు. ఇదే మొదటిది.

"మేకులు కొట్టి ఎక్కి మనమే మేపుదాం," అన్నాడు.

వెదురు నరికారు, మేడిపండ్లు ఏరి సంచిలో వేశారు. దురామే మేకులు చెక్కాడు. జానెడు పొడవు, ఒక కొస పల్చగా. కత్తి చేతిలోకి రాగానే చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. చప్పుడు తగ్గడానికి కొయ్యసుత్తికి పాత లుంగీ చుట్టాడు. తొమ్మిది మేకులు కొట్టి పన్నెండు అడుగులు ఎక్కాడు. పదో మేకు మీద మోకాలు వంగనంది. బతిమాలాడు, తిట్టాడు. అది వినలేదు. కిందికి దిగడానికి ఎక్కినదానికన్నా ఎక్కువసేపు పట్టింది.

"ఇక నువ్వే."

"నేనా మామా?" సబ్రీ పైకి చూసి వెంటనే కళ్ళు దించుకున్నాడు. కొబ్బరికాయలు దింపాలంటే పక్కూరి నుంచి కాయలు దింపడం నేర్చిన కోతిని పిలిపించే మనిషి అతను. ఒకసారి ఆ కోతి కూడా ఇతని వంక జాలిగా చూసిందని ఊళ్ళో చెప్పుకుంటారు.

"కోతిని పిలిపించనా?"

"వద్దులెండి."

"పాత గాటు పక్కనే కొత్త మేకు కొట్టు. గాట్లోనే కొడితే ఊడుతుంది. ప్రతి మేకుకీ నిలువు వెదురు కట్టి, లాగి చూసి, అప్పుడు కాలు పెట్టు. తొర్ర దగ్గరికి పోయాక సుత్తి వద్దు, తాళ్ళే కట్టు. పైకెళ్ళాక రెండుసార్లు తట్టి, ఆగి, ఒకసారి తట్టు. లేకపోతే అది ముక్కు బయట పెట్టదు. కిందికి చూడకు."

సబ్రీ ఎక్కాడు. ఎక్కాడు అనడం కన్నా చెట్టుని కావలించుకుని కొంచెం కొంచెంగా పైకి జరిగాడు అనాలి. దురామే కింద నిలబడి మెడ నొప్పి పుట్టేలా చూస్తున్నాడు. ముప్పై అడుగుల మీద కదలిక ఆగిపోయింది.

"ఏమైందిరా?"

"మామా!"

"చెప్పు!"

"పన్నెండయింది!"

"అయితే?"

"రుస్నీకి అన్నం!"

దురామే నెత్తి కొట్టుకున్నాడు. "చెట్టు మీద వేలాడుతూ ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"కుంపటి ఆరిపోతుంది మామా! కొర్రమీను తొట్లో ఉంది, పైన మూత పెట్టాను, ఎగిరి దూకుతుందని! మిరియాలు నూరి వేయండి, కారం వద్దు! అల్లం ఉంది! పసుపు చిటికెడే!"

"నాకు నేర్పుతావా?"

"అత్త చెప్పింది మామా!"

దురామే కొండ దిగాడు. దిగుతూ అల్లుణ్ణి తిట్టాడు, మోకాలిని తిట్టాడు, పట్నంలో ఉన్న డాక్టరమ్మని తిట్టాడు. బుధవారం నుంచి కనిపించకుండా పోయిన మగపక్షిని అన్నిటికన్నా ఎక్కువ తిట్టాడు. చస్తే చచ్చావు, చచ్చేముందు ఆ రెండింటి సంగతి ఎవరికైనా చెప్పి చావాలన్న బుద్ధి ఉండద్దా? ఎవరికి చెబుతాడు? ఆ ప్రశ్న దగ్గర తిట్టు ఆగిపోయింది.

ఇంట్లో రుస్నీ ఒక చేత్తో పసివాణ్ణి రొమ్ముకి పెట్టుకుని, రెండో చేత్తో విసనకర్రతో కుంపటి రాజేస్తోంది.

"నువ్వొచ్చావేంటి నాన్నా? ఆయనేడి?"

"చెట్టు మీద."

"ఆయనా? చెట్టు మీదా?" రుస్నీ విసనకర్ర ఆపింది. "ఎవరెక్కించారు?"

"మాట్లాడకుండా ఆ కుంపటి సంగతి చూడు."

కొర్రమీను తొట్లోంచి జారి నేల మీద పడి గది అంతా కొట్టుకుంది. దాన్ని పట్టుకునేసరికి దురామే చొక్కా తడిసిపోయింది. కాల్చాడు. ఒక పక్క మాడింది. మిరియాలు నూరాడు, అల్లం దంచాడు. నూనె సీసా వెనక ఉందా అని ఉప్పు కోసం వెతికితే కిటికీ గట్టు మీద తమలపాకుల కట్టలు కనిపించాయి. మూడు కట్టలు. మొదటిది పూర్తిగా ఎండి గోధుమరంగు తిరిగింది. రెండోది సగం ఎండింది. మూడోది ఈ మంగళవారం సంతలో అతనే కొన్నది. ఈ ఇంట్లో ఇప్పుడు తమలపాకు నమిలేవాళ్ళు ఎవరూ లేరు. కొనేటప్పుడు ఆ సంగతి గుర్తుండదు. ఇంటికొచ్చి గట్టు మీద పెట్టాకే గుర్తొస్తుంది. రుస్నీ వాటిని కదపలేదు.

రాయి ఊరజాడీ మీద ఉంది, గుడ్డ చుట్టి. గుడ్డ ఆమె పాత రవికెది. దురామే రాయిని నిప్పుల్లో పెట్టి, అది వేడెక్కేదాకా పొయ్యి ముందు కూర్చున్నాడు. ఈ రాయి పగల్లేదు.

"ఉప్పు వేయలేదు నాన్నా," అంది రుస్నీ మొదటి ముద్దకే.

"తెలుసు. దొరకలేదు."

"బాగానే ఉంది." మొత్తం తింది. "ఆయన వండితే ఉప్పెక్కువవుతుంది."

కాపడం పెట్టే పని రుస్నీకి తానే చేసుకోవడం తెలుసు. రాయి అందించి, కుంపట్లో బొగ్గులు వేసి, దురామే మళ్ళీ కొండెక్కాడు.

మూడు కావస్తుండగా చెట్టుకి కొంచెం దిగువన, దారి మలుపులో, ఆ చప్పుడు వినిపించింది.

టక్, టక్. కొంచెం ఆగి, టక్.

దురామే దారి మధ్యలో నిలబడిపోయాడు. వచ్చాడు. ఎక్కడ తిరిగి తిరిగి వచ్చాడో, వచ్చాడు. మోకాలి సంగతి మరిచిపోయి మలుపు తిరిగాడు.

చెట్టు మీద రెక్కలేమీ లేవు. తొర్ర పక్కన, నిలువు వెదురుకి నడుము కట్టుకుని, సబ్రీ ఉన్నాడు. ముఖం బెరడుకి ఆనించి, వేలి కణుపులతో చెట్టుని తడుతున్నాడు.

దురామే చెట్టు కిందికి వచ్చి తల ఎత్తాడు.

సందులోంచి ముక్కు బయటికొచ్చింది. సబ్రీ పండు పట్టుకున్న చెయ్యి ముందుకి పెట్టాడు. ముక్కు పండుని వదిలేసి వేలిని పొడిచింది. సబ్రీ కేక పెట్టాడు. పండు కింద వలలో పడింది.

"మామా! రక్తం!"

"చెయ్యి పెట్టకురా!" దురామే కింది నుంచి అరిచాడు. "చెయ్యి చూస్తే పొడుస్తుంది! దానికి చేతుల సంగతి తెలుసు! వెదురు చీల్చి, కొసకి గుచ్చి పెట్టు!"

"ముందే చెప్పొచ్చు కదా మామా!"

చెప్పొచ్చు. ఆ తొర్రలోకి చెయ్యి పెడితే ఏమవుతుందో ఈ కొండ మీద అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. చెప్పడం మరిచిపోయాడు. అన్నీ చెప్పాడు, అదొక్కటీ మరిచాడు.

సబ్రీ వెదురుని పళ్ళతో పట్టుకుని, ఒక చేత్తో కత్తి పెట్టి చీల్చాడు. కొసకి మేడిపండు గుచ్చాడు. మళ్ళీ తట్టాడు. ముక్కు రాలేదు. ఇంకోసారి తట్టాడు. లోపల పిల్ల కిర్రుమంది, అంతే.

అప్పుడు వాడు మాట్లాడడం మొదలుపెట్టాడు. కింద నిలబడ్డ దురామేకి ముక్కలు ముక్కలుగా వినిపించింది.

"తిను తల్లీ... ఒక్కటి తిను... నువ్వు తినకపోతే వాడికి పాలెక్కడివి... అంటే పాలు కాదులే, నీ సంగతి వేరు... అయినా తిను... ఉప్పేమీ లేదు దీంట్లో..."

మూడు రోజులుగా మధ్యాహ్నం పూట తన ఇంట్లో ఏం జరిగిందో దురామేకి ఆ డెబ్బై అడుగుల కింద నిలబడి వినిపించింది.

ముక్కు నెమ్మదిగా బయటికొచ్చింది. ఆగింది. వెదురు కొస మీది పండుని ఒకసారి తాకి, వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చి, పండు తీసుకుంది. లోపల పిల్ల గొంతు ఒక్కసారి పెరిగింది.

"తీసుకుంది మామా!"

"చూశాను. ఊగకు. రెండోది పెట్టు."

తొమ్మిది పండ్లు తీసుకుంది. పదోది తోసేసింది.

చీకటి పడేలోపు సబ్రీ దిగాడు. నేల మీద కాళ్ళు ఆనగానే చతికిలబడి, కాసేపు నేలని రెండు చేతులతో పట్టుకున్నాడు. దురామే అతని వేలికి గుడ్డ చుట్టి, పుస్తకం ముందు పెట్టాడు.

"గురువారం, శుక్రవారం రాసినవన్నీ కొట్టెయ్. 'చూడలేదు' అని రాయి. బుధవారం ఏడున్నర ఉంచు, మిగతావి కొట్టెయ్. శుక్రవారం మధ్యాహ్నం అడ్డగీత గియ్యి."

సబ్రీ కొట్టేశాడు. ఇవాళ్టి వరుస దగ్గరికి వచ్చి కలం ఆగింది. అచ్చువేసిన గళ్ళలో మొదటిది వేళ, రెండోది మగపక్షి, మూడోది తిండి.

"ఇక్కడేం రాయాలి మామా? మగపక్షి రాలేదు కదా."

"ఇటివ్వు."

దురామే కళ్ళజోడు పెట్టుకున్నాడు. 'మూడు పది' అని రాశాడు. రెండో గడిలో 'సబ్రీ' అని రాశాడు. మూడో గడిలో 'మేడిపండ్లు తొమ్మిది. బల్లి లేదు.' పుస్తకం మూసి సంచిలో పెట్టాడు.

"రేపు బల్లిని పట్టు," అన్నాడు. "ఉత్త పండ్లే అయితే నమ్మరు."

సోమవారం డాక్టరమ్మ వచ్చింది. మేకులు చూసింది, వల చూసింది, పుస్తకం చదివింది. మగపక్షి గడిలో వరుసగా మూడు రోజులు ఒకే పేరు చూసి, "ఈ గడిలో మనిషి పేరు రాస్తే పట్నంలో ఏం చెప్పను నేను?" అంది. ఉన్నదే చెప్పమన్నాడు దురామే. ఆమె కొట్టివేతల పేజీ తిప్పి చాలాసేపు చూసి, ఇళ్ళలో బాలింతలున్నవాళ్ళు ముందే చెబితే మాటుకి ఇంకొకరిని వేస్తానంది. ఆ మాట కొండ మీద అందరికీ చెప్పే పని దురామేకి పడింది. ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు విసుక్కుని, చివరికి టీకొట్టు దగ్గర ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఎవరూ నవ్వలేదు.

మగపక్షి మళ్ళీ కనిపించలేదు. ఈక కూడా దొరకలేదు. వలేసి పట్టారో, పాము కరిచిందో, ముసలితనమో, ఎవరూ చెప్పలేకపోయారు. సబ్రీ పొద్దునా సాయంత్రం చెట్టెక్కాడు. మధ్యాహ్నం దురామే కొండ దిగి వండాడు. మూడో రోజుకి ఉప్పు దొరికింది. ఐదో రోజుకి చేప మాడకుండా కాల్చడం వచ్చింది. మంగళవారం సంతలో తమలపాకుల బుట్ట దగ్గర ఆగాడు. కాసేపు నిలబడి, ఒక కట్ట కొన్నాడు. మెక్ జోకి ఇచ్చాడు. ఆమె ఒక ఆకు తీసి నోట్లో వేసుకుంది.

సబ్రీ మొదటిసారి చెట్టెక్కాక ఇరవయ్యో రోజు గురువారం. తల్లి గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. కొత్త ఈకలు నిగనిగలాడుతున్నాయి. పక్క కొమ్మ మీద కూర్చుని గంటసేపు రెక్కలు దులుపుకుంది, ఎగిరింది, సాయంత్రానికి పండ్లతో తిరిగొచ్చింది. లోపల పిల్ల మిగిలిన మట్టితో సందు వదిలి వాకిలి మళ్ళీ మూసేసుకుని, కొండంతా వినపడేలా అరుస్తోంది. సబ్రీ మాటులో కూర్చుని, ఆ రోజు మొదటిసారి, చూస్తూ రాశాడు. గీతలు పైకీ కిందికీ పోయాయి.

మర్నాడు పదకొండున్నరకి పుస్తకంలో అడ్డగీత గీసి ఇద్దరూ కొండ దిగారు. మసీదులో ఎప్పటిలాగే సబ్రీ దురామే ఎడం పక్కన కూర్చున్నాడు. ఖుత్బా ప్రసంగం మొదలైన ఐదు నిమిషాలకే తల వాలింది. గుడ్డ విప్పిన వేలి మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. మామూలుగా అయితే మోచేత్తో డొక్కలో ఒకటి పొడిచేవాడు. ఈసారి దురామే కొంచెం జరిగి, వాడి తల వాలడానికి భుజం అడ్డుపెట్టాడు. గురక పెట్టకపోతే చాలనుకున్నాడు.

పెట్టాడు.